మడతపెట్టిన మూల

చెత్త లారీ వీధిలోకి వస్తే ఇప్పటికీ కిటికీ మూసేస్తాను. కువైట్‌లో, ఫర్వానియాలోని మా ఫ్లాట్ కిటికీ గుర్తొస్తుంది.

తొంభైలో ఇరాక్ సైన్యం వచ్చాక చెత్త ఎత్తేవాళ్లు లేకుండా పోయారు. మా బిల్డింగ్‌లో కరెంటు పోయి, ఫ్రీజర్లలో కుళ్లిన మాంసమంతా కిటికీ కింద కుప్పలో పడింది. పురుగులు లుకలుకలాడేవి. వాటికోసం గోరింకలు గుంపులుగా దిగేవి. ఏడేళ్లదాన్ని, పిట్టలకి పండగొచ్చింది అనుకున్నాను.

నాన్నకి పిట్టల ఫోటోలంటే పిచ్చి. సైనికులు చూస్తే కాల్చేస్తారని కెమెరాని ఖాళీ అయిన బియ్యం డబ్బాలో దాచాడు. రీల్లో ఇంకొక్క ఫోటోకే చోటుంది. ఓ పొద్దున నాన్న రొట్టెల కోసం వెళ్లాక, కెమెరా తీసి కిటికీలోంచి గోరింకల్ని ఫోటో కొట్టేశాను.

"ఏమే, మా అందర్నీ చంపుతావా?" అని అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

నాన్న తెచ్చిన ఖుబ్జ్ రొట్టె పుల్లగా కంపు కొట్టింది. "ఛీ, చెత్త వాసన!" అని ఉమ్మేశాను.

"బేకరీ కాడ లైన్లో నించుని తెచ్చానమ్మా, తినెయ్యి," అంటూ నేను ఉమ్మిన ముక్కని నాన్నే తీసుకుని తిన్నాడు. నాకు నాన్నంటే రోత పుట్టింది.

అమ్మ ఆ రీలుని కొప్పులో దాచి మా ఊరు అమలాపురం చేర్చి, కడిగించింది. గోరింకల ఫోటోని ఒక మూల మడతపెట్టి ఆల్బంలో అతికించింది. నాన్న పోయాక ఆ మడత విప్పాను.

చెత్తకుప్ప పక్కన నాన్న వంగి, చేతిలో రొట్టెని దులుపుతున్నాడు.

ఆ రోత ఇప్పుడు నా మీద నాకే.