మావయ్యగారి ఆదివారం స్నానాలగది

మావయ్యగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. పల్లెత్తు మాట అనని మనిషి. ఉన్నదొక్కటే పిచ్చి. ఆదివారం తెల్లారగానే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నారంటే, ఫొటోల ఫిల్ము కడిగేదాకా బయటికి రారు. ఇంటి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క గదే.

కాపురానికొచ్చిన తొలి ఆదివారమే కోడలికి ఈ సంగతి తెలిసొచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండాలి.

"మావయ్యగారూ, ఇంకెంతసేపండీ?"

"మూడంటే మూడు నిమిషాలమ్మా!"

అత్తగారు కూర తరుగుతూ నవ్వారు. "ఆయన మూడు నిమిషాలయ్యేసరికి మీ ఆయనకి మీసాలొచ్చాయే తల్లీ!"

ఫిల్ము కడిగే మందు రెండు సీసాల్లో ఉంటుంది. మొదటి సీసాలోది ఫిల్ము పీల్చుకోవాలి, రెండోదాంట్లో బొమ్మ తేలాలి. రెండోది చుక్క మొదటిదాంట్లో పడిందా, సీసాడు మందూ తూములోకే. అందుకని గరాటాలు రెండు, చెంబులు రెండు, తుడుచుకునే గుడ్డలు రెండు. ఓసారి అత్తగారు మొదటి గరాటాతో నూనె వొంపారు. మావయ్యగారు రెండ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

"ఆ రెండ్రోజులూ ఇల్లు ఎంత హాయిగా ఉందో!" అని ఆవిడ ఇప్పటికీ తలుచుకుంటారు.

ఈమధ్య పిచ్చి ముదిరింది. అత్తగారిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి ఓ ఫొటో, వెంటనే చీకటి కొట్టుగదిలో బియ్యం డబ్బా పక్కన కూర్చోబెట్టి ఇంకో ఫొటో. వరసగా ఐదు వారాలు, ఐదు రోళ్లు. దండెం నిండా అత్తగార్లే వేలాడారు.

"ముప్పై ఏళ్లకి ఈయనకి నామీద ప్రేమ పుట్టింది," అని ఆవిడ రోజూ జడలో పూలు పెట్టుకోవడం మొదలెట్టారు.

ఆరో ఆదివారం కోడలికి ఓపిక నశించింది. తలుపు దబదబా బాదింది. "ఈసారి ఆలస్యమైతే మేట్రన్ నాకు మెమో ఇస్తుంది మావయ్యగారూ! అత్తయ్యగారి ఫొటోలు రేపు కడుక్కోకూడదా?"

తలుపు తెరుచుకుంది. మోచేతులదాకా తడిసి, నీళ్లోడుతున్న ఫిల్ము పట్టుకుని నిలబడ్డారాయన. "తిడుదువుగానిలే. ముందు దీన్ని వెలుగులో పెట్టి చూడమ్మా."

చూసింది. నెగెటివ్ కదా, నెరిసిన జుట్టు నల్లగా, మొహం నల్లగా, నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్న ముసలావిడ.

"అమ్మమ్మ!"

పెళ్లికి ముందు అరువు కెమెరాతో తను తీసిన రోలు అది. సగం పెరటి ఎండలో, సగం వంటింటి చీకట్లో. అమ్మమ్మ పోయాక రెండు స్టూడియోలకి తీసుకెళితే, ఒక సగం వస్తే ఇంకో సగం పోతుందన్నారు. కడిగించడానికి మనసొప్పక పెట్టె అడుగున పడేసింది.

"మావాడు చెప్పి రోలు తెచ్చిచ్చాడు," అన్నారు మావయ్యగారు నసుగుతూ. "చెడితే మళ్లీ దొరికేది కాదు కదమ్మా. నీకు ముందే చెప్పి ఆశపెట్టడం ఇష్టంలేక, మీ అత్తయ్య ఫొటోలతో చెయ్యి అలవాటు చేసుకున్నా. ఎండది మాడలేదు, చీకటిదీ నిలిచింది. ముప్పైఆరూ వచ్చాయి!"

"అయితే నామీద ప్రేమ కాదన్నమాట!" అన్నారు అత్తగారు, పూలు సర్దుకుంటూ.

కోడలు ఏడవబోయి, అమ్మమ్మ నాలుక చూసి ఫక్కున నవ్వేసింది. ముప్పైఆరూ ఒక్కొక్కటే చూసేసరికి తొమ్మిదయింది.

ఆసుపత్రిలో మేట్రన్ మెమో కాగితం ముందు పెట్టుకునే కూర్చుంది. కోడలు ఉన్నదున్నట్టు అంతా చెప్పింది. మేట్రన్ కాసేపు పెన్ను మూత తీసింది, పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"మా నాన్నగారు తీసిన రోలొకటి ఇంట్లో ఉందమ్మా... మీ మావయ్యగారికి వచ్చే ఆదివారం ఖాళీయేనా?"