కంచెకు వేలాడిన కర్ర

క్లోనోవ్కా ఊరు పట్నంలో కలిసిపోవడానికి కారణం ఎవరు? కర్రను కంచెకు తగిలించిన అల్ఫోన్సా, దాన్ని ముట్టని గెర్ట్రూడానా, ఆ ఇద్దరి సంగతీ తెలిసి కూడా దాన్ని మామూలుగా పంపించిన అవ్‌గుస్తినా? నాకింత వయసొచ్చినా ఈ ప్రశ్న తెగడం లేదు.

అవ్‌గుస్తిన్ ఆ ఊరికి పెద్ద. పెద్దరికమంటే ఒక ఆవు, కాస్త బంగాళాదుంపల చేను, తలుపు వెనక వంకర కర్ర. సభ పెట్టాలంటే కర్రకు చీటీ కట్టి పక్కింటివాళ్ళ చేతిలో పెట్టేవాడు. వాళ్ళు ఆ పక్కింటికి, అలా ఊరంతా తిరిగి కర్ర మళ్ళీ అతనింటికి చేరేది. గుమ్మంలో పడేసి పోకూడదు. చేతికందని కర్ర పిలుపు కాదు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

ఆ ఏడు ఆకురాలే రోజుల్లో పట్నం నుంచి అధికారి వచ్చాడు, ఊరిని పట్నంలో కలపడం సమ్మతమేనా అని అడగడానికి. కలిస్తే పేరు పోతుంది. ఇంట్లో ఆవును కట్టుకోనివ్వరు. వాగుకు ఇవతలి వీధిలో చాలామంది కుళాయి నీళ్ళకు ఆశపడ్డారు. వాగు అవతలివాళ్ళు మాత్రం ఒక్క గొంతుతో వద్దంటారు. అవ్‌గుస్తిన్ ధైర్యమంతా వాళ్ళే.

ఫైరింజను కొట్టంలో సభ. అధికారి గడియారం చూసుకున్నాడు.

"అందరూ వచ్చినట్టేనా?"

బల్లల మీద వాగు అవతలి మొహం ఒక్కటీ లేదు. అవ్‌గుస్తిన్ పొద్దుటినుంచీ కొట్టం సర్దడంలో పడి, కర్ర ఇంటికి చేరిందో లేదో చూసుకోలేదు.

"కొంచెం ఆగండయ్యా."

"పావుగంట. చీకటి పడితే మీ దారిలో కారు నడవదు."

ముందు బల్ల మీదున్న గెర్ట్రూడా పక్కింటి అల్ఫోన్స్ భుజం అవ్‌గుస్తిన్ పట్టుకున్నాడు. "కర్రేదిరా?"

"ఇచ్చేశాగా."

"ఎవరి చేతికి?"

అల్ఫోన్స్ నేల చూశాడు. "గెర్ట్రూడా కంచెకు తగిలించా. మా బాతును చంపిన మనిషి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నా, తెలుసుగా!"

అవ్‌గుస్తిన్ పరిగెత్తాడు. వాగుకు ఇవతల చివరిది గెర్ట్రూడా ఇల్లు; కర్ర వంతెన దాటేది ఆవిడ చేతి మీదుగానే. వానకు తడిసి కర్ర కంచె మీదే ఉంది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని దుంపలకు చెక్కు తీస్తోంది.

"పిన్నీ, ఇది చూడలేదా?"

"చూడకేం? పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నా."

"మరి తీసుకోలేదేం?"

"కంచెకిస్తే నాకిచ్చినట్టా? మీ తాత ఏనాడైనా ఇలా పంపాడా?"

"ఊరు పోతోంది పిన్నీ!"

"అయితే చేతికియ్యి."

ఇచ్చాడు. ఆవిడ కత్తి అక్కడే పడేసి, ఏప్రన్ కూడా విప్పకుండా వంతెన మీదుగా పరుగు తీసింది. అవతల ఒక్కో తలుపే తెరుచుకుంది. చెక్కచెప్పుల చప్పుడు వంతెన దాటేసరికి అధికారి కారు వెనక దీపాలు మలుపు తిరుగుతున్నాయి.

కొట్టం గుమ్మంలో అల్ఫోన్స్ నిలబడి ఉన్నాడు. "నేను వద్దనే చెయ్యెత్తా, పెద్దా. నాతో పాటు ఇంకో ఇద్దరే."



కొత్త సంవత్సరంలో ఊరి పేరు బోర్డు పీకేశారు. మర్నాడు తెల్లవారుతుండగా అవ్‌గుస్తిన్ ఆవును విప్పి, కర్ర చేతపట్టుకుని బయల్దేరాడు. చెల్లెలి ఊరు వాగు అవతల, అడవి దాటాక. గెర్ట్రూడా ఇంటి ముందు ఆగాడు. లోపల ఆవిడ పొయ్యి రాజేస్తోంది. తలుపు తట్టబోయి చెయ్యి దించేశాడు. చీటీ లేని కర్రను కంచెకు తగిలించి, ఆవును వంతెన మీదికి మళ్ళించాడు.