రెండు తాళాల గది

"మా నాయిన పోయిండు మేడమ్" అని ఫోన్లో ఆ అమ్మాయి అంటే, "ఎక్కడికి పోయారమ్మా? తాళంచెవి ఆయన దగ్గరే ఉంది కదా!" అన్నాను నేను.

అవతల ఎవరో పెద్దావిడ ఫోన్ తీసుకుని, "సార్ ఇగ లేడమ్మా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే కూలవడ్డడు, దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంది. అప్పుడు నేను గది తలుపు ముందు నిలబడి ఉన్నాను. నా తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఫోన్ పెట్టేసి నా తాళం తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలియదు. నా తాళం ఒక్కటే తీస్తే ఆ తలుపు తెరుచుకోదు.

ఇది రాస్తున్న ఈ రోజుకి కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. ముందురోజు సాయంత్రం అదే తలుపు దగ్గర, "రేపు జర జల్దీ రాండ్రి మేడమ్, ఎండ ముదిరితే గీ రేకుల కింద కూసోలేం" అని నన్నే హెచ్చరించి బండెక్కిన మనిషి. బీపీ లేదు, షుగరు లేదు. మెట్లెక్కితే ఆయాసం నాకు, ఆయనకు కాదు. అలాంటి మనిషి చాయ్ తాగుతూ తాగుతూ వెళ్ళిపోవడమేమిటి? దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇంకా పూర్తిగా పోలేదు.

"ఎక్కడికి" అని నేనెందుకు అడిగానో మీకు చెప్పాలి, లేకపోతే నన్ను మతిలేనిదాన్ని అనుకుంటారు. మాది బందరు దగ్గర పల్లెటూరు. మా వైపు ఊరికెళ్ళిన మనిషిని 'వెళ్ళారు' అంటాం. 'పోయారు' అన్నామంటే ఇక అంతే. ఆయనతో పని మొదలైన కొత్తలో ఒకనాడు, "మా పెద్దసారు పొద్దుగాలనే పోయిండు మేడమ్" అన్నారు. నేను గుండె పట్టుకుని, "అయ్యయ్యో, ఎలా జరిగిందండీ?" అన్నాను. ఆయన అయోమయంగా చూసి, "ఎట్ల జరుగుడేంది, రైలెక్కి పోయిండు. దిల్లీల మీటింగున్నది" అన్నారు. తర్వాత విషయం అర్థమై కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. అప్పటినుంచి ఎవరు ఊరికి వెళ్ళినా నా ముందు కావాలని "పోయిండు" అనేవారు. ఒక్క క్షణం ఆగి, "పరేషాన్ గాకుండ్రి, బతికే ఉన్నడు" అనేవారు. ఆయన ఇంట్లోవాళ్ళ నోట కూడా ఆ మాట మామూలు ప్రయాణమేనని నా చెవికి నేర్పింది ఆయనే. కూతురు అన్నప్పుడు నా చెవికి అదే వినిపించింది.

ఆయన పురావస్తు శాఖలో అధికారి. నేను గోపన్‌పల్లి వైపున్న విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠాలు చెబుతాను. కృష్ణ మీద ప్రాజెక్టులు కట్టినప్పుడు మునిగిపోబోయే ఊళ్ళలో హడావిడిగా తవ్వి తీసిన కుండపెంకులు, పూసలు, ఇనుప ముక్కలు పెట్టెల్లోనూ గోనెసంచుల్లోనూ ఏళ్ళకేళ్ళు మూలుగుతూ ఉండేవి. ప్రభుత్వం దగ్గర సరుకుంది, పెట్టడానికి చోటూ చదవడానికి మనుషులూ లేరు. మా దగ్గర పిల్లలున్నారు, చేత్తో పట్టుకుని చూడ్డానికి ఒక్క పెంకు లేదు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. సరుకు వాళ్ళది, చూరు మాది, చదువు ఇద్దరిదీ. మూతపడిన హాస్టల్ మెస్సు హాలొకటి ఇచ్చారు. అన్నం కంచాలు కడిగిన తొట్లలోనే మేము పెంకులు కడిగేవాళ్ళం.

కాకపోతే ప్రొఫెసర్లు వస్తువులు ఇంటికి పట్టుకుపోతారని వాళ్ళకు అనుమానం, పోయినవన్నీ మా మీదికి తోస్తారని మాకు అనుమానం. అందుకని తలుపుకి రెండు తాళాలు వేశారు. ఒక చెవి ఆయనకు, ఒకటి నాకు. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. నేను మొదట్లో చిరాకు పడ్డాను. ఆయనకు మాత్రం అది భలే నచ్చింది. "వాళ్ళకు మీ మీద నమ్మకం లేదు, మీవోళ్ళకు మా మీద నమ్మకం లేదు. మధ్యల మనమిద్దరం రోజు మొకాలు చూసుకోవాలె. మంచిదే" అనేవారు. అలా రోజూ చూసుకున్నాం.

పిల్లలు ఆయన్ని 'పెంకుల సార్' అనేవారు. ప్రతి పెంకు మీదా సన్నటి కలంతో అంకె వేసి, అది చెరిగిపోకుండా పైన రంగులేని గోళ్ళరంగు పూయడం మా పద్ధతి. ఆ సీసాలు కొనడానికి ఆయనే మాదాపూర్ వెళ్ళేవారు. హాస్టల్ అమ్మాయిలతో కిటకిటలాడే ఫ్యాన్సీ షాపులో నెరిసిన మీసంతో నిలబడి డజన్లకొద్దీ అడిగితే, షాపతను "ఎవరికి సార్ ఇన్ని?" అన్నాడట. "మా ముసలమ్మకు. రెండువేల ఏండ్లుంటయ్, ఇంక షోకు పోలేదు" అని చెప్పి వచ్చారు. ఆ మాట మాకు చెప్పేటప్పుడు మాత్రం ముఖం సీరియస్‌గా పెట్టుకున్నారు.

ఆయనకు కోపం తెప్పించే మాట ఒకటే. పిల్లలెవరైనా "మన కుండ" అంటే ఊరుకునేవారు కాదు. పాలమూరు నుంచి వచ్చిన కుర్రాడైనా గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయైనా అదే చీవాట్లు. "మనది అనకు. మనకు దొరికింది అను. కుండ చేసినోడు నీ పేరు అడిగిండా?" అనేవారు. అలాగని ఆయనకు తనదంటూ ఏమీ లేదనుకోకండి. తెలంగాణ అంటే ప్రాణం పెట్టేవారు. క్యాంపస్ గేటు ముందు పిల్లలు దీక్షకు కూర్చుంటే రోజూ వెళ్ళి పలకరించి వచ్చేవారు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజున విస్తరాకులో వేడివేడి అన్నం, పప్పు పట్టుకొచ్చి, "తినుండ్రి మేడమ్, రోడ్డే బందు పెట్టినం, మీ కడుపు గాదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది, విస్తరాకు ఖాళీ చేశాను. ఆ రోజుల్లో నేను బజారుకు వెళ్తే నా యాస వినపడకుండా తక్కువ మాట్లాడేదాన్ని. అది ఆయనకు తెలుసని నాకు తెలుసు.

ఒక ఉదయం చూస్తే నా తాళం మీద ఎవరో 'జై తెలంగాణ' స్టిక్కరు అంటించారు. నేను దాన్ని ముట్టుకోకుండా ఆయన కోసం నిలబడ్డాను. ఆయన వచ్చి, వంగి చూసి, "ఎవడు గీ పని చేసింది? దీనికి గాదురా, నా దానికి అంటియ్యాలె" అంటూ గోటితో మెల్లగా, చిరగకుండా లేపి, తన తాళానికి అంటించుకున్నారు. తలుపు తీసి లోపలికి వెళ్ళాక మంచినీళ్ళ సీసా నా ముందు పెట్టి, ఏమీ జరగనట్టు ముందురోజు వదిలేసిన పెట్టె విప్పారు. బంద్ రోజుల్లో బండి తీయకూడదని గోపన్‌పల్లిలోని ఇంటి నుంచి నడిచి వచ్చేవారు. "మరి మీరు బంద్ పాటించాలి కదండీ" అని నేను దెప్పితే, "బంద్ సర్కారుకు మేడమ్. తడి పెంకలు ఎండెయ్యనీకి ఏం బంద్?" అనేవారు.

మా పని గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. నదికి ఇవతలి గట్టున దొరికినవి ఒక జట్టు తవ్వింది, అవతలి గట్టువి ఇంకో జట్టు. వేర్వేరు గోదాముల్లో పెట్టారు. రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన ఎవరూ పరిచి చూడలేదు. మేము పరిచాం. కుమ్మరి పచ్చిమట్టి మీద పుల్లతో గీసిన గుర్తులు, నిచ్చెన లాంటివి, చేప లాంటివి, రెండు గట్లవీ సరిపోలడం మొదలుపెట్టాయి. అవి ఒకే ఇంటి గుర్తులా, ఒకే ఊరివా, లేక సంతలో చూసి నేర్చుకున్నవా? సగం కూడా తేలలేదు. ఆయనకు ఆ సంగతి తేల్చాలని ఉండేది. "రాష్ట్రం రావాలె మేడమ్. గీ బల్ల మాత్రం ఖరాబు కావద్దు" అని ఒకటికి పదిసార్లు అనేవారు. రాష్ట్రం విడిపోతే రెండు గట్ల పెంకులూ చెరోవైపు పోతాయని, ఆ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

రాష్ట్రం ఖాయమైన రోజు ఆయన జిలేబీ తెచ్చారు. పిల్లలు ఈలలు వేశారు, ఒకరిద్దరు ఏడ్చారు. నేను మనస్ఫూర్తిగానే చెయ్యి కలిపాను. ఆయన ఆనందం చూస్తే ఎవరికైనా ఆనందమే వేస్తుంది. అందరూ గేటు వైపు పరుగెత్తాక, ఆయన పాకం అంటిన వేళ్ళు రుమాలుతో తుడుచుకుంటూ అల్మరాల వైపు చూసి, "ఇగ వీటిని పంచమంటరు మేడమ్" అన్నారు. జీవితమంతా ఎదురుచూసిన రోజు. ఆ రోజు సాయంత్రం ఆయన ఆ గదిలో దీపం కూడా వేయకుండా కూర్చున్నారు. నేను పక్క బల్ల దగ్గర కూర్చున్నాను.

అనుకున్నట్టే పంపకం ఉత్తర్వు వచ్చింది. జిల్లాల వారీగా వేరు చేసి పెట్టమన్నారు. చేయవలసింది ఆయనే. ఆయన రోజూ తాళం తీసేవారు, రోజూ అల్మరాల చుట్టూ తిరిగేవారు, ఒక్క పెట్టె కూడా పక్కకు జరపలేదు. పైనుంచి ఫోన్ వస్తే, "చదువుడు కాలేదు సార్. అయినంక పంచుకుందురు, ఎవరొద్దన్నరు?" అని చెప్పేవారు. ఉద్యోగానికి ఇబ్బంది కాదా అంటే, "ఏం చేస్తరు, ఉరి తీస్తరా?" అని నవ్వారు. కొత్త రాష్ట్రం పుట్టే రోజు దగ్గరకొచ్చింది. ఆయన దాన్ని చూడలేదు. ఎంతో దూరం లేదు. ఇది నాకు మింగుడుపడడం లేదు, ఎన్నిసార్లు రాసినా ఈ వాక్యం దగ్గర కలం ఆగిపోతోంది.

ఆ రోజు గోపన్‌పల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. అపార్టుమెంట్ల మధ్య మిగిలిన పాత ఇల్లు. అరుగు మీద పడుకోబెట్టారు. అచ్చం మధ్యాహ్నం మెస్సు బల్ల మీద కునుకు తీసినట్టే ఉన్నారు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేచి "టైమెంతయింది మేడమ్?" అంటారనిపించింది. ఆయన కూతురు లోపలికి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకొచ్చి నా చేతిలో పెట్టబోయింది. "మీకే ఇయ్యాలె గద మేడమ్" అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "వద్దమ్మా, డిపార్టుమెంటు వాళ్ళకే ఇవ్వు" అన్నాను. రెండూ నా దగ్గరే ఉంటే అది మా ఇద్దరి గది కాదు. ఆ పిల్ల అప్పటిదాకా ఏడవలేదట, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత రోజూ ఆ గది దాకా వెళ్ళి కిటికీ జాలీలోంచి చూసి వచ్చేదాన్ని. మేము చివరి సాయంత్రం కడిగి గోనెల మీద ఆరబెట్టిన పెంకులు అలాగే ఉన్నాయి. వాటి మీద ఎర్రటి దుమ్ము పేరుకుంటోంది.

పోయిన వారం ఆయన స్థానంలో వచ్చిన అధికారి లారీతో సహా వచ్చాడు. మంచివాడే, మర్యాదస్తుడు. ఆయన ఫోటో ఆఫీసులో పెట్టామని చెప్పాడు. తన తాళం తీసి పక్కన నిలబడ్డాడు. నేను తీయలేదు.

"మేడమ్?" అన్నాడు.

"చదవడం అవలేదండి" అన్నాను.

"ఎప్పటికి అయితది?"

"తెలియదండి."

అతను గొంతు తగ్గించి, "పోయేటియి మీ దిక్కువే గద మేడమ్. మీకెందుకు ఫికర్?" అన్నాడు. అతను నిజంగానే అర్థంకాక అడిగాడు.

"ఇక్కడ పక్కపక్కన పరిచి ఉన్నాయండి. ఇప్పుడు ఎత్తేస్తే మళ్ళీ ఎవరూ ఇలా పరచరు. మా యూనివర్సిటీ పెద్దవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తర్వు తెచ్చుకుంటే మీ ఇష్టం. నా చేత్తో మాత్రం తీయను" అన్నాను. మెమో అంటేనే జ్వరం వచ్చే మనిషిని నేను. ఆ మాటలు నా నోట్లోంచి వస్తుంటే నేనే నిర్ఘాంతపోయి విన్నాను. అతను ఉత్తర్వు తెస్తాడు, తప్పకుండా తెస్తాడు. అప్పటిదాకా నా పని కూడా ఆగినట్టే, అతని చెవి లేకుండా నేనూ లోపలికి వెళ్ళలేను. అది తెలిసే అన్నాను. అతను తన తాళం మళ్ళీ వేసుకున్నాడు.

లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. పెట్టెలు ఒరుసుకోకుండా అడుగున పరచడానికి తెచ్చుకున్న వరిగడ్డి అందులో అలాగే ఉంది. నేను గేటు దాకా వెనకే నడిచాను. బయట సాయంత్రం షిఫ్టుకు వెళ్ళే క్యాబులతో రోడ్డు నిండిపోయి ఉంది. లారీ వేగం అందుకోగానే గడ్డి గాలికి లేచి, వెనకొచ్చే కార్ల మీద, మెడలో ఐడీ కార్డులేసుకుని బస్సు కోసం నిలబడ్డ పిల్లల జుట్టు మీద పడింది. ఒక క్యాబు డ్రైవరు వైపర్లు వేశాడు. అద్దానికి అంటుకున్న గడ్డిపోచ వాటితోపాటు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.