బెల్లం కొట్టు వెనక బీల

వానాకాలం ముందు మా వీధి కొట్లవాళ్ళందరిదీ ఒకటే పని: గుమ్మం ముందు కట్టిన గట్టు మీద ఇంకో వరస ఇటుకలు పేర్చడం. కొండ మీంచి దిగిన వాననీరు గాజువాకలో మా వీధి దాకా వచ్చి, ఏ గట్టు పొట్టిగా ఉంటే ఆ కొట్లో దూరేది. పక్కవాడు ఒక వరస పేరిస్తే నేను రెండు పేర్చేవాణ్ణి. ముసలమ్మలు చీర ఎత్తిపట్టుకుని ఎక్కుతూ, "ఇది బెల్లం కొట్టేటి నాయినా, అటకేటి?" అని తిట్టేవారు. తాపీమేస్త్రీ దగ్గర నేనెంత బేరమాడేవాణ్ణంటే, సిమెంటు తగ్గించి ఇసక పెంచితే తప్ప అతనికి గిట్టుబాటయ్యేది కాదు. నెగ్గానని మురిసేవాణ్ణి. గట్టు కారేది.

కొట్ల వెనక తుంగ పెరిగిన చిత్తడి నేల ఉండేది. బీల అనేవాళ్ళం. నా చిన్నప్పుడు వీధి నీరంతా మా కొట్టు పక్క సందులోంచి ఆ బీలలోకి జారిపోయేది. తర్వాత ఆ సందులో గిన్నెల కొట్టు వెలిసింది. దాని యజమానీ నేనూ ఒకర్నొకరం బావా అనుకునేవాళ్ళం, చుట్టరికమేమీ లేకుండానే. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో బీలనీ ఎవరో కొన్నారు. లారీలు ఎర్రమట్టి తెచ్చి పోస్తుంటే, వెనక రోడ్డు పడుతుందని వీధంతా సంబరపడింది. నేను మాత్రం లారీ వెనక్కి వచ్చే చప్పుడు వినగానే లేచి వెళ్ళి, బీలలో నీటికి ఇంకెంత చోటు మిగిలిందో చూసొచ్చేవాణ్ణి. ఏడాది బెల్లమంతా ఒకేసారి కొని దిమ్మలు దిమ్మలుగా పేర్చుకునేవాణ్ణి. మా ఇంటిల్లిపాది తిండీ బట్టా ఆ దిమ్మలే. చెమ్మ తగిలితే చాలు, కారిపోతాయి.

ఆ ఏడు తుఫాను వాన పొద్దున్నే పట్టుకుంది. మధ్యాహ్నానికి గట్టు సందుల్లోంచి నీరు చిమ్ముతోంది. చూస్తుండగానే బెల్లం పేర్చిన బల్లల కాళ్ళు మునిగాయి. చెక్కకీ నీటికీ మధ్య రెండు వేళ్ళు పడతాయేమో, అంతే. గిన్నెల కొట్టుకి పరిగెత్తాను.

"బావా, నీ గట్టు పగలగొట్టు. ముందు తలుపూ ఎనక తలుపూ తీసెయ్. నీరు బీలలోకి పోతాది."

"ఏటీ? నీ బెల్లం గురించి నా కొట్లోంచి ఏరు పారించమంతావా?"

"నీ గిన్నెలు కరుగుతాయేటి?"

"కరగవు. కొట్టుకుపోతాయి."

"ఎనక గుమ్మంలో నాను నిలబడి పట్టుకుంతాను. మూత కూడా పోనివ్వను."

అతను గడ్డం గోక్కున్నాడు. "అలాగైతే ఒట్టెయ్. వచ్చే ఏడు నీ గట్టు ఒక్క వరస కూడా ఎత్తనని."

అప్పుడు నా నోట్లోంచి ఏం వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఒక్క వరసకి ఒప్పుకో బావా!"

"నీ బెల్లం పానకమైపోతన్నాది, ఇంకా బేరమేటిరా!"

ఒట్టేశాను. గట్టుకి వాళ్ళావిడ పెట్టిన పసుపుబొట్టు ఇంకా చెరగలేదు. అతను చేత్తో తాకి కళ్ళకద్దుకుని, గునపం వేశాడు.

నీరు దూకింది. నేను వెనక గుమ్మంలో మోకాలి లోతులో కాళ్ళు వెడల్పుగా పెట్టి నిలబడ్డాను. డేగిసాలు, చెంబులు, మూతలు, ఒకదాని వెనక ఒకటి నా మీదికొచ్చి పడుతున్నాయి. కాసేపటికి జోరు తగ్గింది. నీరంతా పోయిందనుకుని వెనక్కి తిరిగి చూశాను. పోలేదు. బీలలో మట్టి దిబ్బల మధ్య మిగిలిన గుంటలు నిండిపోయి, నీరు గుమ్మం అంచుకి సమానంగా నిలబడి ఉంది.

"దిగుతన్నాదా బావా?" ముందునుంచి కేక.

బీల నిండిపోయిందని అరిచాను. సాయంత్రం వాన తెరిపిచ్చింది కాబట్టి బతికాం. బెల్లం దిమ్మల్లో అడుగు వరస పోయింది. పైవి మిగిలాయి.

మర్నాడు ఇద్దరం బీల కొన్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాం. మట్టి పోసుకోండి, మధ్యలో కాలవ వదలండి అన్నాను. అలవాటుగా నాలుగు బారలతో మొదలుపెట్టాను.

"రోజూ తుఫానొస్తాదేటయ్యా? బారెడు వదుల్తాను. ఇష్టమైతే తీసుకో."

మాట మార్చుకుంటాడన్న భయంతో వెంటనే సరేనన్నాను. వీధి మలుపు తిరగకముందే బావ అందుకున్నాడు. "గ్లాసుకి సొట్టుందని గంటసేపు పీక్కుతినే మనిషివి, కాలవ దగ్గర నోరు పడిపోయిందేటి?"

నిజమే. గ్లాసు ఖరీదు నాకు తెలుసు. కొండ మీంచి వచ్చే నీటికి ఎంత దారి కావాలో ఎవరికి తెలుసు? బారెడన్నాడు గానీ ఎవరి బారో చెప్పలేదు కదా అని, మట్టి దింపుతున్న లారీ డ్రైవర్లలో అందరికంటే పొడుగువాణ్ణి బతిమాలి తీసుకొచ్చాను. బురదలో నిలబడి చేతులు చాపాడు. బావ ఒక చివర, నేనొక చివర సున్నం పట్టుకుని కూర్చున్నాం.

"వేళ్ళు కూడా చాపు తమ్ముడూ."

"చాపేను బాబూ."

ఆ చివరా ఈ చివరా చూశాను. మా పాత సందులో సగం కూడా లేదు.

"ఇంకొంచెం చాపు."

"ఇంకేటి చాపను? నా చేతులే అంత!"