ఎదిగే పిల్లాడి రికాబులు

సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ అడవిలో గుడి కట్టుకుని కొలువైన వెంకన్న సాక్షిగా చెబుతున్నాను: నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ప్రతి మాటా నిజం. కంగారూ ఒకటి మా నాన్న చొక్కా తొడుక్కుని పారిపోయిందని నేను చెప్పిన కథ మీరెక్కడైనా విని ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అది వేరు, ఇది వేరు. దీనికి నా భుజం ఎముక సాక్ష్యం. వాన పట్టే ముందు ఇప్పటికీ సలుపుతుంది.

మేముండే సిడ్నీ శివారు కెల్లీవిల్ అంటే ఇవాళ ఒకదాన్నొకటి రాసుకుని నిలబడ్డ ఇళ్ళూ, మెట్రో స్టేషనూ, మనవాళ్ళ కిరాణా కొట్లూను. నేను పదేళ్ళవాణ్ణిగా ఉన్నప్పుడు మా పెరటి కంచె దాటితే ఎండుగడ్డి మైదానం తప్ప మరేమీ ఉండేది కాదు. ఇక్కడే పుట్టిపెరిగిన పక్కింటి ఆసీ కుటుంబం క్వీన్స్‌లాండ్‌కి మకాం మారుస్తూ తమ ముసలి గుర్రాన్ని జీనూ కళ్ళెంతో సహా మాకు వదిలేసి పోయింది. ముదురు బెల్లం రంగుది. అందుకని దాన్ని బెల్లం అనే పిలిచాను. ఈ దేశంలో నాకు దొరికిన మొదటి స్నేహితుడు అదే. బళ్ళో పిల్లలు నా పేరు పలకలేక నవ్వేవాళ్ళు. బెల్లం మాత్రం నేను పిలిస్తే చెవులు నిక్కించేది.

మా నాన్న ఇంజనీరు. గుంటూరు నుంచి సిడ్నీ దాకా ఆయన మోసుకొచ్చిన సిద్ధాంతం ఒకటుండేది: ఎదిగే పిల్లాడికి ఏదైనా వదులుగానే కొనాలి. నా యూనిఫాం చేతులు రెండు మడతలు పెడితేగానీ వేళ్ళు బయటికొచ్చేవి కావు. బూట్ల ముందు భాగంలో అమ్మ న్యూస్‌పేపర్ ఉండలు కుక్కేది. ఆ సిద్ధాంతాన్నే ఆయన గుర్రానికీ వర్తింపజేశాడు. జీను రెండు పక్కలా తోలు పట్టీలకి రికాబులు వేలాడతాయి కదా, కాళ్ళు పెట్టుకునే ఇనుప వలయాలు, వాటిని నా కాళ్ళకి సరిపోయే చోటుకంటే రెండు కన్నాలు కిందికి దించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మాటిమాటికీ సర్దుకునే పని లేకుండా పట్టీలకి ఇనుప రివెట్లు కొట్టి బిగించేశాడు. "ఆర్నెల్లలో వాడే అందుకుంటాడు లేవే," అన్నాడు అమ్మతో, సుత్తి కింద పెడుతూ.

నా కాళ్ళకి రికాబులు అందీ అందనట్టుండేవి. బొటనవేలి కొసతో వెతుక్కుంటూ స్వారీ చేసేవాణ్ణి. బెల్లం నెమ్మదైనది కాబట్టి కొన్నాళ్ళు గడిచిపోయింది.

వసంతకాలం వచ్చింది. ఈ దేశంలో వసంతం పూలతో కాదు, మాగ్‌పైతో మొదలవుతుంది. కాకికి తెల్ల కోటు తొడిగినట్టుండే పిట్ట అది. గూడు దరిదాపుల్లోకి ఎవరొచ్చినా వెనకనుంచి వచ్చి నెత్తిన పొడుస్తుంది. ఆ రోజు నా చెవి తమ్మెను చీల్చింది. రెండోసారి బెల్లం కంటి మీదికి దూకింది. గుర్రం ఒక్కసారి పక్కకి విరుచుకుని పరుగు లంకించుకుంది. నిలదొక్కుకోవడానికి కాలు బలంగా తొక్కబోయాను. కింద రికాబు చిక్కలేదు. చిక్కేసరికి పాదం అందులోంచి మడమ దాకా దూరిపోయింది.

ఎడమవైపుకి పడ్డాను. కాలు మాత్రం పైనే ఉండిపోయింది. పక్కన ఏదో కొట్టుకుంటోందని గుర్రానికి ఇంకా భయం, భయపడే కొద్దీ ఇంకా పరుగు. నా వీపు కింద నేల రంపంలా నడిచింది. ముళ్ళపొదలు చొక్కాను వొలిచి, తరవాత చర్మాన్ని వొలిచాయి. వెనక డెక్కలు చెవి పక్కనే పడుతుంటే మట్టి నోట్లోకి ఎగిసింది. నరికేసిన చెట్టు మోడు ఒకటి ఎదురొచ్చి భుజానికి తగిలింది. లోపల ఎముక విరిగిన చప్పుడు విన్నాను, చెరుకు గడ విరిచినట్టు. ఆ తరవాత కాలు బూటులోంచి జారి ఊడింది. గుర్రం ఖాళీ బూటుని ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

నాన్న పరిగెత్తుకొచ్చి నన్ను చూశాడు. రక్తం తప్ప ముఖం కనపడలేదట. అమ్మ నన్ను ఎత్తుకుంటుంటే ఆయన నీళ్ళ పైపు ముక్క తీసుకుని గుర్రం మీదికి వెళ్ళాడు. చీమకి కూడా హాని చెయ్యని మనిషి, బెల్లాన్ని రేకుల షెడ్డు మూలకి తరిమి, మెడ మీదా ముట్టె మీదా కొట్టాడు. అది వెనక కాళ్ళతో తన్నిన తన్నుకి రేకు గోడ బొక్కపడి బయటికి వంగిపోయింది. ఆయన తల జానెడు ఇవతల ఉంది కాబట్టి ఈ కథలో నాన్న ఇంకా ఉన్నాడు.

నా ఎముక సరిచేసింది మా మేనత్త. నాన్నకి అక్క, ఇక్కడే పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి.లో గుర్రపు స్వారీ నేర్చుకున్న మనిషి. కట్టు కడుతూనే అన్నీ అడిగింది. నాన్న ఏమీ దాచలేదు సరికదా, బూటు పెద్దది కాబట్టే కాలు ఊడొచ్చి పిల్లాడు బతికాడనీ, ముందుచూపుతో కొన్నాననీ చెప్పుకొచ్చాడు. అత్తయ్య కట్టు ముడి బిగించింది. "నీ ముందుచూపు తగలెయ్య," అంది మెల్లగా.

నాన్న మాత్రం నిశ్చయించేసుకున్నాడు. అది పొగరుమోతు గుర్రం, పిల్లాణ్ణి చంపబోయింది, కబేళాకి పంపాలి. తరవాతి శనివారం గుర్రాల్ని తోలుకుపోయే లారీ మా వాకిట్లో ఆగింది. అది ఎక్కితే బెల్లం మళ్ళీ రాదని నాకు తెలుసు. "ఇట్స్ నాట్ హిస్ ఫాల్ట్, నాన్నా!" అని ఏడుస్తూ తిరిగాను. ఆయన వినలేదు. గుర్రం లారీ వెనక వాల్చిన పలక ఎక్కనని కాళ్ళు పాతేసింది. ఆయన తాడు గుంజాడు, పైపు తీశాడు, కొట్టాడు. బెల్లం ముక్కునుంచి రక్తం కారి డ్రైవర్ బూట్ల మీద పడింది. నేను బాగున్న చేత్తో నాన్న చేతిని పట్టుకుని వేలాడాను. ఆ గలాటాలో గుర్రం మెడ తిప్పి నాన్న ముంజేతిని కరిచేసింది. ఆయన కేకకి పొదల్లో కాకతువ్వలన్నీ లేచిపోయాయి.

సరిగ్గా అప్పుడే అత్తయ్య కారు దిగింది. నాన్న మళ్ళీ పైపు ఎత్తబోతుంటే వచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. నలభై ఏళ్ళ ఇంజనీర్ని, డ్రైవర్ ఎదురుగా.

"పిల్లాడి కాళ్ళు కొలవడం చేతగాలేదు గానీ, మూగదాన్ని కొట్టడం వచ్చిందిరా నీకు?"

"అక్కా, నువ్వు ఎమోషనల్ అవ్వకు. దిస్ హార్స్ ఈజ్ డేంజరస్. చూడు, నన్నూ కరిచింది!"

ఆవిడ గాయాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నన్ను కూడా ఒకసారి చూసింది. "గుర్రమే కరిచింది," అని తేల్చి చేతిరుమాలు చుట్టింది. ఆ తరవాత ఒక పందెం పెట్టింది. నాన్న బెల్లం ఎక్కి, అది కాస్త పరుగెడుతుండగా రికాబుల మీద లేచి నిలబడగలిగితే, తనే దాన్ని లారీ ఎక్కిస్తుంది.

రివెట్లు ఉలితో ఊడగొట్టింది. పట్టీలని చిట్టచివరి కన్నం దాకా దించింది. నాన్న కాళ్ళు అందక గాల్లో ఆడాయి.

"ఇవి మరీ పొడుగు కదే!"

"పర్లేదురా, నువ్వూ ఎదుగుతావులే."

డ్రైవర్‌కి తెలుగు రాదు, అయినా నవ్వాడు. అత్తయ్య బెల్లం మెడ నిమిరి, ముక్కు తుడిచి, తాడు పట్టుకుని పక్కనే పరిగెత్తించింది. నాన్న ఎగిరి జీను మీద పడ్డ ప్రతిసారీ ఆయన నోట్లోంచి ఒక్కొక్క దేవుడి పేరు వచ్చింది. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. లేచి నిలబడబోయాడు. కాలి కింద ఏదీ లేదు. గడ్డం గుర్రం మెడకి కొట్టుకుని పెదవి చిట్లింది, ఆపైన ముళ్ళపొదలో బోర్లా పడ్డాడు. ఒక పాదం మడమ దాకా రికాబులో ఇరుక్కుపోయింది. అత్తయ్య తాడు బిగించి గుర్రాన్ని ఆపింది. బెల్లం ఆగింది. ఆయన కాలు వేలాడుతుండగా కదలకుండా నిలబడింది.

నాన్న ఆ కాలి వంక చూస్తూ కింద పడే ఉన్నాడు. నవ్వబోయిన డ్రైవర్ ఆయన ముఖం చూసి మానేశాడు.

అత్తయ్య కాలు విడిపించి, ఆయన్ని లేపి, గుర్రం పక్కన నిలబెట్టింది. ఆయన వేళ్ళ కొసలు పట్టీ మొదట్లో జీనుకి ఆనించి, చెయ్యి చాచమంది. రికాబుని చేతి పొడవునా లాగి చంకలోకి తెచ్చింది. అక్కడ అందితే దాదాపు సరి. ఎక్కి కాళ్ళు వదిలేస్తే ఇనుము చీలమండకి తగలాలి. లేచి నిలబడితే జీనుకీ మనిషికీ మధ్య అరచెయ్యి పట్టాలి. మరీ పొట్టి చేస్తే మోకాళ్ళు పట్టేసి, గుర్రం ఆగినప్పుడల్లా ముందుకి విసిరేస్తుంది. "ఈ చెయ్యి ఇవాళ్టిది, ఈ కాలూ ఇవాళ్టిదే," అంది. "వచ్చే ఏడాదిది వచ్చే ఏడాది కొలుద్దాం."

నాన్న మళ్ళీ ఎక్కాడు. ఈసారి లేచి నిలబడ్డాడు, చిట్లిన పెదవితోనే. ఒక చుట్టు తిరిగొచ్చి దిగి, పైపుతో తాను కొట్టిన చోట బెల్లం మెడ మీద చెయ్యి పెట్టాడు. అది ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. ఆయన చెయ్యి తియ్యలేదు. మళ్ళీ దగ్గరికి వచ్చేదాకా అలాగే గాల్లో ఉంచాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

బెల్లం మా దగ్గరే ముసలితనంతో పోయింది. ఇప్పుడు మా అమ్మాయిని స్వారీకి తీసుకెళ్ళినప్పుడల్లా పట్టీని దాని చంక దాకా కొలుస్తాను. పోయిన వారం కొలిచినా మళ్ళీ కొలుస్తాను. "డాడ్, ఐ నో!" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఎవరైనా పడ్డారని వింటే, ఏ గుర్రం అని నేను అడగను. రికాబులు ఎవరు బిగించారని అడుగుతాను.

ఒట్టేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో ఒక ముక్క అబద్ధం. బెల్లం బతికినన్నాళ్ళూ ఎవర్నీ కరవలేదు. ఆ రోజు నాన్న చేతిని కరిచింది నేను. అత్తయ్య పళ్ళ గాట్లు చూడగానే పోల్చుకుంది.

కానీ ఆ అబద్ధం నేను పుట్టించింది కాదు. ఆ నెలలోనే ఎవరి పెరట్లోనో బార్బీ దగ్గర, మాంసం కాల్చుకుంటూ, అందరూ ఆయన చేతి కట్టు చూసి ఏమైందని అడిగితే, నాన్న నా వైపు చూడనైనా చూడకుండా "గుర్రం కరిచిందండీ," అన్నాడు. చనిపోయేదాకా అలాగే చెప్పాడు. ఆయన చెప్పినట్టే నేనూ చెబుతున్నాను.