చీటీ లేని బియ్యం

మా నాన్న ఖరగ్‌పూర్ వర్క్‌షాపు స్టోర్సులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. చీటీ లేకుండా ఒక్క బోల్టు కూడా బయటికి పోనిచ్చేవాడు కాదు. ఇంట్లోనూ అంతే. అమ్మ పక్కింటికి గ్లాసుడు పంచదార ఇస్తే ఎవరికిచ్చావు, ఎప్పుడు తిరిగిస్తారు అని ఆరా తీసేవాడు. ఆయన ఆస్తి ఏదీ నాకు రాలేదు గానీ ఆ బుద్ధి మాత్రం వచ్చింది. కొబ్బరికాయని మూడుసార్లు ఊపి చూడనిదే కొనను. చేపలవాడు తూస్తుంటే నేను తరాజుని కాదు, వాడి చిటికెనవేలిని చూస్తాను.

"దీనికి పెసాదం పెట్టినా వాసన సూసి గానీ తినదు" అని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఒకసారి గుళ్ళో పాచిపోయిన పులిహోర పెట్టారన్న సంగతి మాత్రం చెప్పడు.

ఇలాంటిదాన్ని పోయినేడాది సేవాసంఘంలో చేరాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల సంఘం మాది. ఆసుపత్రి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రోగుల వెంట వచ్చినవాళ్ళకి భోజనం పెడతాం. బియ్యం మా ఇళ్ళ నుంచే వస్తుంది. సంఘంలో ఉన్న ప్రతి ఇంట్లో ఒక డబ్బా ఉంటుంది. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఇంటి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. ఊరికే వేయరు. ఎవరో ఒకరి బాగు కోరి వేస్తారు. మా ఆయనకి గుండెనొప్పి వచ్చి మొదటిసారి ఆసుపత్రిలో చేర్చిన వారమే నేను డబ్బా పెట్టాను. రోజూ ఆయన పేరు మనసులో అనుకుని గుప్పెడు వేసేదాన్ని. ఆ ఒక్క పనిలో నాకు అనుమానం ఉండేది కాదు.

మిగతా అన్నిట్లో ఉండేది. దసరాకి సంఘం తరఫున గారెల స్టాలు పెడితే నూనె డబ్బాల మీద సీలు ఉందో లేదో చూశాను. లక్కీడ్రాలో ప్రెషర్ కుక్కరు అధ్యక్షుడి మరదలికే వస్తే వారం రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. కానీ అందరికన్నా ఎక్కువగా నా కళ్ళు బాబాయి మీద ఉండేవి.

ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు. ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, పిల్లలు లేరు, భార్యాభర్తలిద్దరే ఉంటారు. సంఘం స్టోరుగది తాళంచెవి నల్లదారానికి కట్టి మెడలో వేసుకుని తిరిగేవాడు. స్నానానికి వెళ్ళినా తీయడని వాళ్ళావిడ నవ్వేది. వర్క్‌షాపు పని పోయాక ఆయనకి మిగిలిన ఉద్యోగం అదొక్కటే. శనివారం వచ్చేసరికి రిక్షాబండి తొక్కుకుంటూ ఇంటింటికీ వచ్చి డబ్బాలు బస్తాలో ఒంపుకునేవాడు. తూచేవాడు కాదు, రాసుకునేవాడు కాదు. "సల్లగుండండి" అని వెళ్ళిపోయేవాడు. ఎంత బియ్యం వచ్చిందని ఎవరూ అడగరేమిటా అని నాకు ఒళ్ళు మండేది.

శ్రావణంలో వడ్డనలో ఉండే ఆవిడకి మోకాళ్ళ నొప్పులొచ్చి గరిటె నా చేతికి వచ్చింది. మొదటి పళ్ళెంలో అన్నం వేస్తూనే నా చెయ్యి ఆగిపోయింది. లావు మెతుకులు, ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా ఉన్నాయి. అది ఉప్పుడు అన్నం. ఇక్కడ బెంగాలీల ఇళ్ళన్నిట్లో అదే వండుకుంటారు. మా సంఘంలో మాత్రం ఉప్పుడు బియ్యం తినే ఇల్లు ఒక్కటి లేదు. అందరం పచ్చిబియ్యమే, అదీ సన్నవి చూసి కొనుక్కునేవాళ్ళమే. మరి మేం వేసిన సన్నబియ్యం ఏమైంది?

వంట చేసే దీదీని అడిగాను. "దాదా జో దేతా హై, వహీ పకాతీ హూఁ" అంది, బాబాయి ఏదిస్తే అదే వండుతానని, నా వైపు చూడకుండా. ఆ చూడకపోవడం కూడా లెక్కలో వేసుకున్నాను.

తరువాతి శనివారం సాయంత్రం ఆయన రిక్షాబండి వెనక ఆటోలో ఇందా అనే పేట దాకా వెళ్ళాను. బజారు మధ్యలో ఒక బియ్యం కొట్టు ముందు ఆగి, మా బస్తాలు రెండూ లోపలికి మోసుకెళ్ళాడు. కొట్టువాడు ఆయనకి కుర్చీ వేసి టీ తెప్పించాడు. టీ చూడగానే నాకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. తిరుగు బండిలో ఏం వేసుకొస్తాడో చూడటానికి ఆగలేదు. సన్నబియ్యం ధరకీ ఉప్పుడు బియ్యం ధరకీ తేడా నాకు తెలియదా? ఆ తేడా ఎటు పోతోందో కూడా తెలిసిపోయిందనుకున్నాను.

మా ఆయన్ని అప్పటికి రెండోసారి చేర్చారు, ఆపరేషన్ అన్నారు. నిద్రలేదు, తిండిలేదు, నా కోపానికి కట్టూ లేదు. నెలవారీ సమావేశంలో, డబ్బా పెట్టే ఆడవాళ్ళందరూ కూర్చున్న హాల్లో నిలబడి అడిగేశాను. "బాబాయిగారూ, మా బియ్యం ఇందా కొట్లో ఎందుకు దింపుతున్నారు?"

ఆయన అరచేతులు తొడల మీద పెట్టుకున్నాడు.

"మార్సినానమ్మా. పచ్చిబియ్యం ఇచ్చి ఉప్పుడు బియ్యం తెచ్చినాను."

"ఎందుకు మార్చారు?"

"అది తర్వాత సెప్తాను. ఇంటికాడికి వచ్చి సెప్తాను."

"మా ఇంటికెందుకు? చెప్పేదేదో ఇక్కడే చెప్పండి."

ఆయన హాలంతా ఒకసారి చూశాడు. నన్ను చూశాడు. తరవాత మెడలోంచి దారం తీశాడు. ముసలి చేతులకి ముడి రాక, తలమీదుగానే లాగి, తాళంచెవి బల్లమీద పెట్టాడు. "ఇదిగోండి, ఎవురికిస్తారో ఇచ్చుకోండి" అని బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు. దొంగ కాకపోతే నోరు విప్పేవాడు కదా అనుకున్నాను. తాళంచెవి నాకే ఇచ్చారు.

వెంటనే చక్కబెట్టేశాను. వేలాడదీసే తరాజు కొన్నాను, చీటీల పుస్తకం కొట్టించాను. ప్రతి డబ్బా తూచి, ఇచ్చినవారు, తీసుకున్నవారు అని సంతకాలు పెట్టించాను. మా నాన్న చూస్తే మురిసిపోయేవాడు. బాబాయి వీధికి మాత్రం వెళ్ళలేదు, ముఖం చెల్లక కాదు, వాళ్ళు డబ్బా తీసేసి ఉంటారులే అనుకుని.

ఆ ఆదివారం మా సన్నబియ్యం బస్తా విప్పి వంట దీదీ ముందు పెట్టాను. ఆవిడ బియ్యాన్ని వేళ్ళతో కదిపి, "యహీ, దీదీ? పక్కా?" అని, ఇవే వండాలా అన్నట్టు అడిగింది. కమీషను పోయిందని బాధ కాబోలనుకుని, "యహీ" అన్నాను.

పంక్తి కూర్చుంది. నేనే వడ్డించాను, మల్లెపువ్వుల్లాంటి అన్నం. పప్పు తాగారు, కూర తిన్నారు. అన్నం అలాగే ఉంది. పెద్దవాళ్ళు అసలు ముట్టలేదు. సాలువా వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, కొడుకు లోపల ఐసీయూలో ఉన్నాడట, పళ్ళెం కేసి చూసి చీరకొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది.

వంట దీదీ నన్ను పక్కకి లాగింది. వచ్చీరాని తెలుగులో, హిందీలో కలిపి చెప్పింది. వాళ్ళ ఊళ్ళలో ఇంట్లో ఎవరైనా పోతే, మైల తీరేదాకా ఉప్పుడు బియ్యం ముట్టరట. ఇలాంటి పచ్చిబియ్యమే ఉడికించుకుని తింటారట. లోపల ప్రాణాలతో ఉన్న మనిషి కోసం బయట కాచుకుని కూర్చున్నవాళ్ళకి నేను చావుకూడు వడ్డించాను.

"దాదాకి తెలుసు. ఒకసారి ఇలాగే అయింది, చాలా రోజుల కింద" అంది. "ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఆ క్షణంలో నాకు సమావేశం హాలు కళ్ళముందుకొచ్చింది. అక్కడ కూర్చున్న ప్రతి ఆడమనిషీ ఎవరో ఒకరి ఆయుష్షు కోరి గుప్పెడు వేసేదే. ఆ గుప్పెడే చావుకూడవుతోందని వాళ్ళందరి ముందు ఆయన ఎలా చెబుతాడు? నా ముందు ఎలా చెబుతాడు?

మర్నాడు, ఆపరేషనయిన మా ఆయన్ని ఇంటికి పంపారు. ఆ మర్నాడు తాళంచెవి, తరాజు, చీటీల పుస్తకం సంచిలో వేసుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగుమీద పాత సైకిలు గొలుసుకి నూనె పెడుతున్నాడు.

"ఏటమ్మా, మీ ఆయన ఎలాగున్నాడు?" అన్నాడు ముందుగా.

"ఇంటికొచ్చారండి."

"అదే సాలు. ఆవేళ లోపలున్నాడు కదా. ఆ మాట నీ సెవిన ఎలా ఎయ్యను?" గొలుసు మీదనుంచి చూపు ఎత్తకుండానే అన్నాడు. "రెండు బస్తాలిత్తే కొట్టువోడు రెండున్నర ఇచ్చీవోడు. మన పచ్చిబియ్యం దోసెల బళ్ళోళ్ళు రుబ్బుకోడానికి కొంటారంట. ఎక్కడికీ పోలేదమ్మా మీ బియ్యం."

తప్పైపోయిందన్నాను. తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. లోపలికి కేక వేస్తే వాళ్ళావిడ బియ్యం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత పట్టనంత నిండి ఉంది. అది చాలక పక్కన ఒక స్టీలు గిన్నె కూడా. నేను ఆయన పరువు తీసిన తర్వాత కూడా ఆ ఇంట్లో ఎవరి బాగు కోరో గుప్పెడు పడుతూనే ఉంది. ఎవరి కోసమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

డబ్బా ఎత్తి సంచిలో ఒంపుకోబోయాను.

"అలా కాదమ్మా" అన్నాడు, కోపం లేకుండా. చేతులు గుడ్డకి తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. "తూసి, సీటీ ఇయ్యి."

తరాజు నా సంచిలోనే ఉంది. తూచాను. చీటీ రాశాను. తీసుకున్నవారు అన్నచోట సంతకం పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.