ముందు జావ, తర్వాత బీపీ

మా ఆవిడ పోయి నలభై రోజులైంది. ఖమ్మం ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద, పొద్దున పదింటికి గుండె ఆగింది. చర్ల అవతలి అడవి పల్లెల్లో ఇరవై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా తిరిగిన మనిషి. అక్కడ అందరికీ ఆమె నర్సమ్మ. కబురు అందినవాళ్లు నన్ను ఒకే మాట అడిగారు. ఊరందరి బీపీ చూసిన మనిషికి బీపీతో కిడ్నీలు ఎలా పోయాయి?

నేనూ అదే అడుగుతూ వచ్చాను.

నాది మంచినీళ్ల స్కీములో ఉద్యోగం. గోదావరి నీళ్లను ఇసుక ఫిల్టర్లలో వడకట్టి దుమ్ముగూడెం చుట్టుపక్కల ఊళ్లకు పంపేవాళ్లం. ఆరేళ్ల కింద, కిడ్నీలు దెబ్బతింటున్నాయని ఆమె రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన సాయంత్రం, అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తూ అడిగింది.

"సారూ, మీ ఇసుక ఫిల్టర్ బురదతోటి మూసుకపోతే ఏం జేస్తరు?"

ఇంట్లో నన్ను 'సారూ' అనేది వెక్కిరించడానికే.

"ప్రెషర్ పెంచుతం. లేకపోతే నీళ్లు అవతలికి పోవు."

"అవ్. కిడ్నీ గూడ గంతే."

చెప్పుకుంటూ పోయింది. రక్తం కిడ్నీలో వడకట్టుకుంటుంది. నీళ్లతోపాటు ఉప్పూ దిగుతుంది. దిగిన ఉప్పులో దాదాపు అంతా కిడ్నీ మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. ఒంటికి అక్కరలేనంత మాత్రమే మూత్రంలో పంపుతుంది. సరిగా పంపలేకపోతే ఉప్పు ఒంట్లో నిలుస్తుంది. ఉప్పు నిలిస్తే నీరూ నిలుస్తుంది. రక్తం పారే గొట్టాలు అవే, నీరు పెరిగింది, కాబట్టి ప్రెషర్ పెరుగుతుంది. ఆ ప్రెషర్‌తోనే ఒళ్లు మిగతా ఉప్పును బయటికి నెడుతుంది.

"మంచిదే గదా మరి. ఉప్పు పోతది."

"మీ ఫిల్టర్ మీద రోజూ గంత ప్రెషర్ పెడ్తే?"

"పాడైతది."

"పాడైనంక?"

"ఇంకా ప్రెషర్ గావాలె."

"మీకైతే బ్యాక్‌వాష్ ఉన్నది, నీళ్లు ఎన్కకు కొట్టి బురద కడుగుతరు. దీనికి లేదు సారూ," అంటూ గింజలు నా దోసిట్లో పోసింది.

తన రిపోర్టునే ఎవరిదో అన్నట్టు చెప్పింది. గింజలు తీసుకుని నేను వంటింట్లోకి నడిచాను.

మర్నాటి నుంచి ఇంట్లో ఉప్పు సగమైంది, తర్వాత ఇంకా తగ్గింది. వంట నాదే కాబట్టి అది నా చేతిలో పని. బయట తాగే జావ నా చేతిలో లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె బీపీ మిషన్ తీయగానే జనం చేతులు వెనక్కి పెట్టుకునేవారట. ఒక పెద్దామె ముఖం మీదే అన్నదట, "మా ఇంట్ల జావ తాగనిదానివి, మా చెయ్యెందుకు పడ్తవ్?" అప్పటి నుంచి ఆమె పద్ధతి ఒకటే. ముందు జావ, తర్వాత బీపీ. ఆ జావలో ఉప్పు ఉంటుంది.

"నీ బీపీ పెంచుకుని వాళ్ల బీపీ చూస్తవా? నీకు పడదని చెప్పు," అనేవాణ్ని.

"రోగం ఉన్న నర్సు మాట ఎవరు వింటరు?" అని మొదట్లో అన్నది. తర్వాత "మీకు తెల్వదు" అని నవ్వేసేది.

ఏళ్ల తరబడి ఇదే తగువు. ఆసుపత్రిలో కూడా నా నోరు ఆగలేదు. "ఆ జావే నిన్ను తిన్నది," అన్నాను. "తెల్వకుండ మాట్లాడకుండ్రి," అని పక్కకు తిరిగింది.

బీపీ వచ్చి కిడ్నీని చెడగొట్టిందా, కిడ్నీ చెడి బీపీని పెంచిందా అని డాక్టర్‌ను అడిగాను. "మా దగ్గరికి వచ్చేసరికి రెండూ కలిసే ఉంటయి. ఏది ముందో చాలాసార్లు మాకూ తెల్వదు," అన్నాడు. నిజాయితీ గల మనిషి. నాకు మాత్రం జవాబు జావేనని లోపల ఖాయమైపోయింది.

పోయిన వారం ఆమె బీపీ మిషన్ చర్లలో కొత్త నర్సమ్మకు అప్పగించడానికి బయలుదేరాను. ఎందుకో చర్ల దగ్గర ఆగకుండా, ఆమె మొదట అడుగుపెట్టే పల్లె దాకా ముసురులోనే వెళ్లాను. మొదటి ఇంటి ముసలామె నన్ను ఎగాదిగా చూసింది.

"నర్సమ్మ ఇంటాయనవా?"

తలూపాను. సొరబుర్రలోంచి జావ వంచి గిన్నె చేతికిచ్చింది. పక్కన టేకాకు మీద చిటికెడు ఉప్పు పెట్టింది.

ఒక గుక్క తాగాను. చప్పగా ఉంది.

"ఉప్పు మర్చినవా అవ్వా?"

"మర్వలేదు. నర్సమ్మ గిట్లనే తాగుతది. తన లోపల ఉప్పుకు తొవ్వ మూసుకపోయిందని చెప్పింది. అప్పటిసంది మా వాడల ఎవరింట్లనైనా ఉప్పు పక్కకే. కావల్సినోళ్లు కలుపుకుంటరు."

"ఎప్పటిసంది?"

"నా మనుమరాలికి పండ్లు రాకముందు." గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూపించింది. ఆ పిల్లకు ఇప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి.

ఇన్నేళ్లూ మా ఆవిడ చప్పటి జావే తాగింది. అడిగితే చెప్పేదేమో. ఫిల్టర్ల గురించి, కిడ్నీల గురించి ఎన్నో అడిగాను. జావ సంగతి మాత్రం అడగలేదు. తిట్టాను.

"ఇగ చూడు," అని ముసలామె చెయ్యి చాపింది.

బీపీ చూడటం నాకు వచ్చు. మా ఆవిడ నా చేతి మీదే నేర్పింది. పట్టీ చుట్టేముందు ఎవరినైనా ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చేది కాదు. "నువ్వు కూసున్నవ్, నీ రక్తం ఇంకా నడుస్తనే ఉన్నది," అనేది. నేను ఆ మాట చెప్పబోయేలోపే ముసలామె గోడకు ఆనుకుని నోరు మూసుకుంది.

ఇద్దరం ఊరికే కూర్చున్నాం. బయట ముసురు. మా మధ్య టేకాకు మీద ఎవరూ ముట్టని ఉప్పు గాలిలోని తడిని లాక్కుని, మెల్లగా నీరవుతోంది.